నది ఒడ్డున మా జో

డెట్రాయిట్ నది ఒడ్డున, కెనడాకి ఎదురుగా, జో లూయిస్ అరీనా అని ఒక ఐస్ హాకీ స్టేడియం ఉండేది. 1979 డిసెంబర్‌లో తెరిచారు, 2017లో మూసేశారు, 2019లో విప్పడం మొదలుపెట్టి మరుసటి ఏడాదికల్లా నేలమట్టం చేశారు. ఊళ్లో ఎవరూ దాన్ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు కాదు, "ఇవాళ జోకి వెళ్తున్నావా" అంతే. ఉద్యోగానికని ఈ ఊరొచ్చిన కుర్రాడిగా మొదలుపెట్టి కాలేజీకి వెళ్లే వయసు పిల్లకి తండ్రినయ్యేదాకా నేను వెళ్తూ ఉన్న చోటు అది. అక్కడ చూసినవీ, మా ఆఫీసు పెద్దాయన నోట విన్నవీ మర్చిపోకముందే రాసిపెట్టుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ముందే చెప్పేస్తాను, అది అందమైన బిల్డింగ్ కాదు. బయటి నుంచి చూస్తే కిటికీలు లేని పెద్ద బూడిదరంగు పెట్టె. లోపలికి వెళ్లాలంటే నిటారుగా ఉండే బయటి మెట్లు ఎక్కాలి, జనవరిలో నది మీంచి కొట్టే గాలికి ఆ మెట్ల మీద ముక్కూ చెవులూ ఉన్నాయో లేవో తెలిసేది కాదు. లోపల సీట్ల వెనక నడిచే దారి ఎంత ఇరుకంటే, విరామంలో ఇరవై వేల మందిలో సగం మంది ఒకేసారి అక్కడికొస్తే భుజాలు రాసుకుంటూ జరగడమే తప్ప నడక ఉండదు. బాత్రూం క్యూల సంగతి చెప్పక్కర్లేదు. ఇంత కట్టి విలేకర్లు కూర్చునే ప్రెస్ బాక్స్ పెట్టడం మర్చిపోయారని, చివర్లో పై వరసల్లో ఇరికించారని ఊరంతా చెప్పుకునేవాళ్లు. కానీ ఒక్కసారి లోపలికెళ్లి సీట్లో కూర్చుంటే అవన్నీ పోయేవి. ఎంత పైన కూర్చున్నా ఆట మన ఒళ్లో జరుగుతున్నట్టే ఉండేది. ఇప్పటి స్టేడియాల్లో లాగా మధ్యలో అద్దాల గదుల వరసలు జనాన్ని పైకీ కిందకీ విడదీసేవి కావు, కింద వరసలో అరుపు మొదలైతే క్షణంలో పై వరసకి పాకేది. ఆట చూసే చోటుగా నేను జోకి సాటి ఇంకోటి చూడలేదు.

అసలది ఎలా వచ్చిందో మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పేవాడు. ఆయన పుట్టింది డెట్రాయిట్‌లోనే, చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి పాత స్టేడియం ఒలింపియాకి వెళ్లేవాడు. ఒలింపియా 1927లో గ్రాండ్ రివర్ అవెన్యూ మీద కట్టిన ఎర్ర ఇటుకల బిల్డింగ్, ఊరి ఐస్ హాకీ జట్టు రెడ్ వింగ్స్ యాభై ఏళ్లకి పైగా అక్కడే ఆడింది. డెబ్భైల్లో ఊరి పరిస్థితి దిగజారుతుంటే అప్పటి యజమాని బ్రూస్ నోరిస్ జట్టుని పాంటియాక్ శివార్లకి పట్టుకుపోతానన్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లయన్స్ అప్పటికే అక్కడికి వెళ్లిపోయింది. కోల్‌మన్ యంగ్ అప్పుడు మేయర్, డెట్రాయిట్‌కి మొదటి నల్లజాతి మేయర్. ఇది కూడా పోతే డౌన్‌టౌన్‌లో ఇంకేం మిగలదని, నది ఒడ్డున సిటీ డబ్బుతోనే స్టేడియం కట్టించి జట్టుని ఊళ్లో ఉంచేశాడు. దానికి బాక్సర్ జో లూయిస్ పేరు పెట్టారు. అలబామాలో పుట్టి చిన్నతనంలోనే డెట్రాయిట్ వచ్చి, 1937 నుంచి 1949 దాకా హెవీవెయిట్ చాంపియన్‌గా ఉన్న మనిషి. స్టేడియం తెరిచేనాటికి ఆయన బతికే ఉన్నాడు, 1981లో పోయాడు. ఆడేవాళ్లూ చూసేవాళ్లూ ఎక్కువమంది తెల్లవాళ్లే అయిన ఆటకి కట్టిన ఇంటి మీద ఒక నల్లజాతి వీరుడి పేరు. డెట్రాయిట్ చరిత్ర కాస్త తెలిశాక నాకు ఆ పేరు మీద ఇంకా గౌరవం పెరిగింది.

మొదటి రెడ్ వింగ్స్ మ్యాచ్ 1979 డిసెంబర్ 27న, సెయింట్ లూయిస్ చేతిలో 3-2తో ఓడిపోయారు. ఆ రోజుల్లో జట్టు అంత బాగాలేదు. 1982లో పిజ్జా వ్యాపారం చేసే మైక్ ఇలిచ్, మేరియన్ ఇలిచ్ దంపతులు జట్టుని 80 లక్షల డాలర్లకి కొన్నారు. జనాన్ని స్టేడియానికి రప్పించడానికి మ్యాచ్‌కో కారు బహుమతిగా ఇచ్చేవాళ్లట. కార్లు తయారుచేసే ఊళ్లో కారు ఇచ్చి పిలవాల్సి వచ్చిందంటే సీట్లు ఎంత ఖాళీగా ఉండేవో ఊహించుకోండి. మరుసటి ఏడాది స్టీవ్ ఐజర్‌మన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి తీసుకున్నారు. ఇరవై ఒకటికే కెప్టెన్ అయ్యాడు, రిటైరయ్యేదాకా కెప్టెన్‌గానే ఉన్నాడు.

నేను వచ్చింది తొంభైల మధ్యలో, చలికాలంలో. మా పెద్దాయనే ఒకరోజు చేతిలో రెండు టికెట్లు పట్టుకుని నా డెస్క్ దగ్గరికొచ్చి, రాత్రికి ఖాళీయేనా అన్నాడు. ఐస్ హాకీ అంటే అప్పటికి టీవీలో చానెల్ మారుస్తూ చూసిందే. నల్లటి రబ్బరు పక్, మందం ఒక అంగుళం, వెడల్పు మూడంగుళాలు, గంటకి నూటయాభై కిలోమీటర్ల వేగంతో పోతుంటే టీవీలో దాన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదు. పక్కన కూర్చుని ఆయన చెప్పిన మొదటి మాట ఇప్పటికీ ఎవరికి ఆట చూపించినా నేను చెప్తాను. పక్‌ని వెతకొద్దు, ఆటగాళ్ల భుజాలు ఎటు తిరుగుతున్నాయో చూడు, పక్ అక్కడే ఉంటుంది అన్నాడు. పది నిమిషాలకి నాకు ఆట కనపడటం మొదలైంది. ఇంకోటి, జోలో మంచు చుట్టూ ఉండే గోడలు చాలా చురుకు. గోల్ వెనక గోడకి గట్టిగా కొడితే పక్ బంతిలా ఎగిరి మళ్లీ గోల్ ముందుకే వచ్చేసేది. సొంత జట్టువాళ్లకి ఆ గుట్టు తెలుసు, కావాలనే గోల్ పక్కకి కొట్టి, తిరిగొచ్చిన పక్‌ని ఇంకొకడు లోపలికి తోసేవాడు. ప్రత్యర్థి గోలీ, అంటే గోల్ కాసేవాడు, అటూ ఇటూ మెడ తిప్పుకునేలోపు అయిపోయేది.

నేను ఇంజనీర్ని కాబట్టి కావచ్చు, మ్యాచ్‌లోని మూడు పీరియడ్ల మధ్య జనం తిండికి లేచి వెళ్తే నేను మాత్రం కూర్చుని జాంబోనీని చూసేవాణ్ణి. ఆట అంతా గీతలు పడి, పొడి లేచి, పాలిపోయిన మంచు మీద ఆ బండి మెల్లగా చుట్లు తిరుగుతుంది. కింద ఉన్న బ్లేడు పైపొరని చెక్కేస్తుంది, వెనక ఉన్న గుడ్డ వేడినీళ్లని పలచగా పరుస్తుంది. వేడినీళ్లెందుకంటే అవి పైపైన ఉన్న గీతల్ని కరిగించి కిందిపొరతో కలిసి గడ్డకడతాయి, నునుపుగా వస్తుంది. బండి వెళ్లిన చోట నల్లగా అద్దంలా మెరుస్తుంది, ఒకట్రెండు నిమిషాల్లో ఆ మెరుపు అంచుల నుంచి మధ్యకి తగ్గుతూ తెల్లబడుతుంది. ఇంతా చేసి ఆ మంచు మందం దాదాపు ఒక్క అంగుళమే. కింద కాంక్రీటు, కాంక్రీటులో చల్లటి ఉప్పునీళ్లు పారే గొట్టాలు, తెలుపంతా పెయింటు, మధ్యలో ఉన్న జట్టు గుర్తు ఎర్ర చక్రం కూడా మంచు పొరల మధ్య వేసిన రంగే. బయట మైనస్ పది డిగ్రీల చలి ఉన్నా లోపల ఇరవై వేల మంది ఊపిరీ, దీపాల వేడీ కలిసి ఆ మంచుని కరిగించకుండా మిషన్లు పనిచేస్తూనే ఉండాలి.

జాంబోనీ నడిపేవాళ్లలో అల్ సొబొట్కా అని ఒకాయన ఊరంతటికీ తెలుసు. బిల్డింగ్ నిర్వహణంతా చూసేవాడు, అయితే పేరొచ్చింది ఆక్టోపస్‌ల వల్ల. అవును, ఆక్టోపస్‌లే. 1952లో చేపల కొట్టు నడిపే క్యుసిమానో అన్నదమ్ములు ఒలింపియాలో, సీజన్ చివర కప్ కోసం ఆడే ప్లేఆఫ్స్ మ్యాచ్‌లో, ఒక ఆక్టోపస్‌ని మంచు మీదకి విసిరారు. అప్పట్లో లీగ్ చాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్ గెలవాలంటే ఎనిమిది మ్యాచ్‌లు గెలవాలి, దానికి ఎనిమిది కాళ్లు, లెక్క సరిపోయింది. ఆ ఏడాది రెడ్ వింగ్స్ ఒక్కటి కూడా ఓడకుండా ఎనిమిదికి ఎనిమిదీ గెలిచారు. ఇక ఆ ఆచారం పోలేదు. జోలో ఎవరైనా విసిరితే సొబొట్కా మంచు మీదకొచ్చి దాన్ని ఎత్తి తల మీద గిరగిరా తిప్పుతూ వెళ్లేవాడు, బిల్డింగ్ కప్పు ఎగిరిపోయేంత గోల. 2008లో ముక్కలు మంచు మీద పడుతున్నాయని లీగ్ వాళ్లు తిప్పొద్దన్నారు, జనానికి కోపం వచ్చింది, ఆయన జాంబోనీ వచ్చే దారి దగ్గర నిలబడి తిప్పడం మొదలుపెట్టాడు. ప్లేఆఫ్స్ వస్తే పైకప్పు నుంచి వేలాడదీసే పెద్ద ఊదారంగు ఆక్టోపస్ బొమ్మకి కూడా ఆయన పేరే, అల్.

1997 గురించి రాయకుండా జో గురించి రాయడం కుదరదు. అంతకుముందు ఏడాది ప్లేఆఫ్స్‌లో కొలరాడో ఆటగాడు క్లాడ్ లెమ్యూ మనవాడు క్రిస్ డ్రేపర్‌ని వెనక నుంచి గోడకేసి కొడితే డ్రేపర్ దవడ విరిగింది. ఊరంతా ఆ పగ మోసింది. మార్చి 26న కొలరాడో జోకి వచ్చింది. మేం నలుగురం అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందు, మా పెద్దాయన స్టేడియంలో. మొదటి పీరియడ్‌లోనే డారెన్ మెకార్టీ లెమ్యూ మీద పడ్డాడు, చివరికి రెండు జట్ల గోలీలు కూడా మధ్యకొచ్చి కొట్టుకున్నారు. కొట్లాటలు నాకు ఇష్టం ఉండవు, ఇప్పుడైతే అసలు సహించను, కానీ ఆ రాత్రి జరిగింది కొట్లాట ఒక్కటే కాదు. వెనకబడ్డ మ్యాచ్‌ని సమం చేసి ఓవర్‌టైమ్‌లో 6-5తో గెలిచారు, ఆ ఆఖరి గోల్ కొట్టింది కూడా మెకార్టీయే. మర్నాడు ఆఫీసులో పది గంటలదాకా ఎవరూ పని మొదలుపెట్టలేదు. పెద్దాయన గొంతు పూర్తిగా పోయింది, చేతులతోనే కథంతా చెప్పాడు.

జూన్ 7న అదే జోలో, ఫైనల్స్‌లో ఫిలడెల్ఫియాని వరసగా నాలుగో మ్యాచ్‌లోనూ ఓడించి స్టాన్లీ కప్ గెలిచారు. 1955 తర్వాత అదే మొదటిది, నలభై రెండేళ్లు. ఐజర్‌మన్ కప్ ఎత్తాడు. ఆ జట్టులో ఐదుగురు రష్యన్లు, ఫెదరోవ్, లారియనోవ్, ఫెతిసోవ్, కాన్‌స్టంటీనోవ్, కొజ్లోవ్. వాళ్లు కలిసి ఆడుతుంటే పక్ ఒకడి కర్ర నుంచి ఇంకొకడి కర్రకి దారంతో లాగినట్టు పోయేది. కొత్త దేశంలో భాష సరిగా రాక తడబడుతూ, పనిలో మాత్రం ఎవరికీ తీసిపోని వాళ్లని చూస్తే నాకు ఎందుకు అంత దగ్గరితనం అనిపించేదో వేరే చెప్పక్కర్లేదు. ఆ రాత్రి వుడ్‌వర్డ్ అవెన్యూ మీద కార్లు హారన్లు మోగిస్తూ గంటల తరబడి తిరిగాయి, ముక్కూమొహం తెలియనివాళ్లు మమ్మల్ని కౌగిలించుకున్నారు. ఈ ఊరు నాది కూడా అని నాకు అనిపించిన మొదటి రాత్రి అదే.

ఆరు రోజులకి, జూన్ 13న, జట్టువాళ్లు అద్దెకి తీసుకున్న లిమోజీన్ చెట్టుకి గుద్దుకుంది. కాన్‌స్టంటీనోవ్‌కి, మసాజ్ చేసే మ్నట్సకనోవ్‌కి తలకి తీవ్ర గాయాలు. ఇద్దరి జీవితాలూ అక్కడితో మారిపోయాయి. గెలుపు సంబరం ఇంకా ఇళ్ల ముందు జెండాల మీద ఉండగానే ఊరు ఒక్కసారిగా మూగబోయింది. తర్వాతి సీజనంతా ఆటగాళ్లు జెర్సీ మీద "నమ్ము" అని రెండు భాషల్లో రాసిన చిన్న బిళ్ల వేసుకుని ఆడారు. 1998లో వాషింగ్టన్‌లో మళ్లీ కప్ గెలిచినప్పుడు ఐజర్‌మన్ దాన్ని తీసుకెళ్లి చక్రాల కుర్చీలో ఉన్న కాన్‌స్టంటీనోవ్ ఒళ్లో పెట్టాడు. మేమంతా పెద్దాయన ఇంట్లో చూస్తున్నాం. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు, చాలాసేపటిదాకా రాలేదు.

2002లో జోలోనే ఇంకో కప్. కోచ్ స్కాటీ బౌమన్ ఆఖరి గంట మోగగానే స్కేట్లు కట్టుకుని మంచు మీదకొచ్చి కప్ పట్టుకుని తిరిగాడు, ఆ రాత్రే రిటైరవుతున్నానన్నాడు. 2008లో గెలిచింది పిట్స్‌బర్గ్‌లో.

కానీ నన్నడిగితే జోలో నాకు బాగా గుర్తున్న మ్యాచ్ ఓడిపోయిందే. 2009 జూన్ 12, మళ్లీ పిట్స్‌బర్గ్‌తోనే, కప్ ఎవరిదో తేల్చే ఫైనల్స్ ఏడో మ్యాచ్, ఆఖరిది. పెద్దాయన తన రెండో టికెట్ ఎవరికి ఎంతకైనా అమ్ముకోవచ్చు, నాకిచ్చాడు. 2-0తో వెనకబడ్డాం, మూడో పీరియడ్‌లో ఒకటి కొట్టి 2-1 చేశాం. ఇంకా రెండు నిమిషాల చిల్లర ఉందనగా మనవాడు క్రోన్‌వాల్ కొట్టిన షాట్ గోల్ పై కడ్డీకి తగిలింది. ఆ శబ్దం ఇరవై వేల మంది అరుపుల మధ్య కూడా విడిగా, ఖంగుమని, మా వరసదాకా వినిపించింది. సగం మంది గోల్ అనుకుని చేతులెత్తేశారు. చివరి క్షణంలో పక్ ఎడమపక్క ఖాళీగా ఉన్న మన లిడ్‌స్ట్రమ్ దగ్గరికొచ్చింది, గోల్ మొత్తం తెరిచి ఉన్నట్టే ఉంది, కొట్టాడు, పిట్స్‌బర్గ్ గోలీ ఫ్లూరీ అడ్డంగా ఎగిరి ఆపేశాడు. గంట మోగింది. పిట్స్‌బర్గ్ వాళ్లు మా మంచు మీద కప్ ఎత్తుతుంటే చాలామంది వెళ్లిపోలేదు, నిలబడి చూశారు. మా ముందు వరసలో ఒక ముసలావిడ చప్పట్లు కూడా కొట్టింది. లిడ్‌స్ట్రమ్ ఆ షాట్ కొట్టిన తీరు ఇప్పటికీ నా నిద్రలో వస్తుంది.

మా అమ్మాయిని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు దానికి ఆటకన్నా జాంబోనీ ఎక్కువ నచ్చింది, నాకు అందులో వింతేమీ కనపడలేదు. తర్వాత్తర్వాత అది నాకన్నా పెద్ద అభిమాని అయింది. 2016 జూన్‌లో రెడ్ వింగ్స్ పాత ఆటగాడు గోర్డీ హౌ పోయినప్పుడు, సంతాపం తెలపాలనుకున్న ఎవరైనా వచ్చేలా ఆయన పార్థివదేహాన్ని జోలో ఉంచారు, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదిదాకా. ఆయన జెర్సీ నంబరు తొమ్మిది. మేం ముగ్గురం, నేను, అమ్మాయి, అప్పటికే రిటైరయిపోయిన పెద్దాయన, క్యూలో నిలబడ్డాం. క్యూ నడుస్తుంటే ఆయన మా అమ్మాయికి 1980 ఫిబ్రవరి నాటి, లీగ్‌లోని మేటి ఆటగాళ్లంతా ఆడే ఆల్ స్టార్ మ్యాచ్ కథ చెప్పాడు. జో తెరిచి రెండు నెలలు కూడా కాలేదు. రెడ్ వింగ్స్‌కి పాతికేళ్లు ఆడిన హౌ అప్పటికి హార్ట్‌ఫర్డ్ జట్టులో ఉన్నాడు, వయసు యాభై ఒకటి. తర్వాత హాకీలో మహా గొప్పవాడైన వేన్ గ్రెట్‌స్కీ, అప్పటికి పందొమ్మిదేళ్లవాడు, కూడా ఆ మ్యాచ్‌లో ఉన్నాడు. ఒక్కొక్కరినీ పిలుస్తూ చివర్లో అనౌన్సర్ హౌ పేరు కూడా చెప్పలేదు, నంబర్ తొమ్మిది అని మాత్రమే అన్నాడు. 21,002 మంది లేచి నిలబడి ఎంతకీ ఆపకుండా చప్పట్లు కొట్టారట, పాపం ఆయనకి ఎటు చూడాలో తెలియక స్కేట్ల మీద అటూ ఇటూ ఊగుతూ నిలబడ్డాడట. ఆ 21,002 మందిలో మా పెద్దాయన ఒకడు. "అప్పుడు చప్పట్లు ఆపమన్నా ఆపలేదు, ఇవాళ మాట్లాడమన్నా ఎవరూ మాట్లాడటం లేదు" అన్నాడు. లోపల నిజంగానే అంతమంది జనం ఉన్నా చెప్పుల చప్పుడే వినపడింది.

ఆ తర్వాతి సీజనే జోకి ఆఖరిది. ఫిబ్రవరిలో మైక్ ఇలిచ్ పోయాడు. ఇరవై ఐదేళ్లు వరసగా ప్లేఆఫ్స్‌కి వెళ్లిన జట్టు ఆ ఏడాదే మొదటిసారి వెళ్లలేకపోయింది. 2017 ఏప్రిల్ 9 నాటి చివరి మ్యాచ్ టికెట్ ధర మా అందుబాటులో లేదు, మార్చిలో ఒక మామూలు మంగళవారం మ్యాచ్‌కి వెళ్లి మా వీడ్కోలు మేం చెప్పుకున్నాం. చివరి మ్యాచ్ టీవీలో చూశాం. న్యూ జెర్సీ మీద 4-1 గెలుపు. ఆ సీజనంతా ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయిన రైలీ షీహన్ ఆ రోజు రెండు కొట్టాడు, జోలో ఆఖరి గోల్ అతనిదే. ఆక్టోపస్‌లు వాన కురిసినట్టు పడ్డాయి.

కొత్త లిటిల్ సీజర్స్ అరీనా వుడ్‌వర్డ్ మీద ఉంది. బాగుంటుంది, నడవాలు విశాలం, బాత్రూంలకి క్యూ లేదు, మెట్ల మీద జారిపడే భయం లేదు. మా అమ్మాయికి అదే ఇష్టం, ఎందుకో వాదిస్తుంది కూడా, నేను వినను. కింది సీట్లు ఖరీదైన క్లబ్బులకి ఆనుకుని ఉంటాయి, విరామం తర్వాత చాలాసేపు అవి ఖాళీగా కనిపిస్తాయి. జోలో రెండో పీరియడ్ మొదలయ్యేసరికి సీట్లో లేకపోవడం అంటే బాత్రూం క్యూలో ఇరుక్కోవడం, ఇంకో కారణం ఉండేది కాదు. జట్టుకి కొత్త ఇల్లు అవసరమే, ఒప్పుకుంటాను. సిటీ డబ్బుతో కట్టిన పాతదాన్ని ఇంకో రకంగా వాడుకోవడానికి గట్టి ప్రయత్నం జరిగి ఉంటే బాగుండేదని మాత్రం నాకెప్పుడూ అనిపిస్తుంది.

చుట్టూ ఇతర భవనాలు ఉన్నాయి కాబట్టి బాంబులు పెట్టి ఒక్కసారిగా కూల్చలేదు, ఒక్కో ముక్కా విప్పుకుంటూ పోయారు. నెలల తరబడి జెఫర్సన్ అవెన్యూ మీద వెళ్తుంటే లోపలి ఇనుప దూలాలు కనపడుతూ ఉండేవి. బాక్సర్ పేరు మాత్రం ఊరు పోనివ్వలేదు, నగరం చుట్టూ వేస్తున్న నడక, సైకిల్ దారికి జో లూయిస్ గ్రీన్‌వే అని పెట్టారు.

కూల్చేముందు సీట్లు అమ్మారు. మా పెద్దాయన జంట సీట్లు కొన్నాడు. అవి నేలకి బోల్టులు వేస్తే తప్ప నిలబడవు, ఇద్దరం కలిసి ఒక శనివారమంతా కష్టపడి కింద చెక్క ఫ్రేము బిగించాం. బేస్‌మెంట్‌లో టీవీ ముందు వేసుకున్నాడు. ముందు బల్ల ఎంత దూరంలో ఉండాలో టేపుతో కొలిచి పెట్టాడు, జోలో ముందు వరస వీపు ఎంత దూరంలో ఉండేదో అంతే. మోకాళ్లు తగులుతున్నాయి, కాస్త జరుపుదామా అంటే ఒప్పుకోడు.